ముందు పైడితల్లి, చివర నేను

మొదటి మకాం: రెల్లివాగు చావిడి

బయల్దేరిన రోజే తిట్లతో రాయడం మొదలుపెడితే బాగుండదని సాయంత్రం దాకా ఆగాను. ఆగినా కోపం చల్లారలేదు కనక రాసేస్తున్నాను. ఈ ఏడాది మా మణికట్లకి కట్టిన నాడిపట్టీలని కనిపెట్టినదెవరో గానీ, వాళ్ళు జన్మలో ఒక్కసారి కూడా పదిమందితో కలిసి కొండ ఎక్కి ఉండరు.

నా పేరు వరహాలు. దిబ్బపేట వరసకి తోకని, అంటే అందరికన్నా చివర నడిచే మనిషిని. నా వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడటం నా పని. ఏ మకాంలో ఏం జరిగిందో రాసిపెట్టడం కూడా తోక పనే. ఉడుకు నెలలు రాకముందే మా ఊరంతా మైదానం వదిలి చలికొండకి నడిచి ఎక్కుతాం. వానలు పడ్డాక దిగుతాం. ఘాట్ రోడ్డు కొండచరియలతో పాటు ఎప్పుడో జారిపోయింది. ఎగిరే బళ్ళున్నాయి గానీ అవి ఆరోగ్య మండలి వాళ్ళవి. మాకు కాళ్ళున్నాయి.

వరసకి ఆ కొసన, అందరికన్నా ముందు, పైడితల్లి నడుస్తుంది. గొప్పగా నడుస్తుందని కాదు, మా అందరిలోకీ మెల్లగా నడుస్తుందని. మేడ కట్టే పనిలో పైనుంచి పడి ఆమె తుంటి విరిగింది, అది వంకరగా అతుక్కుంది. మెల్లగా నడిచే మనిషి ముందుండాలి, మిగతా అందరూ ఆ అడుగుకి తమ అడుగు కలపాలి, ఇది మా పద్ధతి. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళని ముందు పెడితే వరస సాగుతుంది, సాగి సాగి తెగుతుంది, తెగిన చోట మనిషి పోతాడు. మా తాతలు మనుషుల్ని పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది. అందుకే ఊట దగ్గర మొదటి గుక్క ముందరి మనిషిది. చావిడిలో గాలి తగిలే చోటు ముందరి మనిషిది. పైడితల్లి ఇలాంటివి మొహమాటపడి వదులుకునే రకం కాదు. నిరుడు నేను పరుచుకున్న చాపని కాలితో పక్కకి నెట్టి మరీ అక్కడ పడుకుంది. నాకూ ఆమెకీ పెద్ద స్నేహమేమీ లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఈసారి మండలి మాతో ఒక నడక శిక్షకుణ్ణి పంపింది. పేరు విభాకర్, పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. కదిలే పట్టా మీద, గోడ మీద కొండల బొమ్మలు చూస్తూ శిక్షణ పొందాడట. బయల్దేరేముందు మమ్మల్ని కూర్చోబెట్టి కొండనడక వల్ల కలిగే మేళ్ళు చదివాడు. రక్తపోటు తగ్గుతుంది, చక్కెర అదుపులో ఉంటుంది, ఎముక గట్టిపడుతుంది, నిద్ర పడుతుంది, దిగులు పోతుంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఇంట్లో మాత్ర వేసుకుంటే గానీ కన్ను మూతపడని నేను ఈ చావిడి రాతి నేల మీద గుర్రుపెట్టి నిద్రపోతాను.

కానీ మేలు జరగడం వేరు, మేలుకి మార్కులు వేయడం వేరు. పట్టీ మన గుండె వేగాన్ని చూసి ఎవరికెంత మేలు జరిగిందో తేలుస్తుందట. ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళకి చలికొండ మీద గాలివైపు గదులు, తక్కువొచ్చినవాళ్ళకి రాతివైపు గదులు. మరీ అడుగున ఉన్నవాళ్ళకి కొండ మీద చోటే లేదు. ఎగిరే బండిలో వెనక్కి తీసుకెళ్ళి ఉడుకు నెలలన్నీ దిబ్బపేట నేలమాళిగల్లో ఉంచుతారట. కొండ మీది చోటు దానివల్ల మేలు పొందగలిగేవాళ్ళకే దక్కాలి కదా అని ఆ అబ్బాయి చక్కగా నవ్వుతూ చెప్పాడు. నేలమాళిగల్లో చల్లదనం కరెంటు ఉన్నంతసేపే. పైడితల్లి మొగుడు అప్పన్నని ఊపిరితిత్తులు బాగాలేవని రెండేళ్ళ కిందట అక్కడే ఉంచారు. కరెంటు పోయిన వారంలో అతను పోయాడు.

ఇక ఈ పూట నడక సంగతి. పైడితల్లి వెనక అలవాటు ప్రకారం కదిలాం. వాగు దాటామో లేదో పట్టీలు మాట్లాడటం మొదలుపెట్టాయి. "మీ గుండెకు తగినంత మేలు జరగడం లేదు. దయచేసి వేగం పెంచండి." ఒక్క పట్టీ కాదు, వరసలో ఉన్న ప్రతి మణికట్టూ అదే మాట, తేనె పూసిన ఆడగొంతుతో. జోరీగలు నయం. మధ్యాహ్నానికి అందరూ పైడితల్లి మడమల వంక చూస్తున్న చూపు మారింది. అప్పుడు నాకు కోపం మొదలైంది.

రెండో మకాం: గుగ్గిలం మెట్ట

పొద్దున లేస్తూనే విభాకర్ వరసని మూడు ముక్కలు చేశాడు. కొండనడకలో రకాలుంటాయట. వేగనడక వాళ్ళు నీళ్ళసీసా తప్ప ఏమీ మోయకుండా ముందు పోవాలి. బరువునడక వాళ్ళు సామాన్లు మోస్తూ మధ్యలో రావాలి. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, పైడితల్లి చివర. ఈ చివరి రకానికి విహారనడక అని పేరు పెట్టారు.

"ఇహారవంటే షికారే కదేటి?" అంది పైడితల్లి. "నాను షికారుకొచ్చానేటి బావూ? ఉడికి సావకుండా బతుకుదారని వొచ్చాను."

ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. నొప్పించాలని కాదని, పుస్తకంలో ఉన్న పేరే చెప్పానని అన్నాడు. అలాంటి పేరు రాసినవాణ్ణి మా వరసలో గంజి గుండిగ మోయిస్తే ఏ రకమో తెలిసేది. మాకు తెలిసిన నడక ఒకటే. చంటిపిల్ల మొదలు ముసలివాళ్ళ దాకా అందరూ పైకి చేరితే అది నడక. లేకపోతే కాదు.

నేర్పుల గురించి కూడా పాఠం చెప్పాడు. దాహం వేయకముందే గుక్క తాగాలి, అలసిపోకముందే ఆగాలి, దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి పెట్టాలి, తడిరాయి మీద పాదం అడ్డంగా వేయాలి. అన్నీ నిజమే, మా పిల్లలకి కూడా తెలిసినవే. అయితే అన్నిటికన్నా ముఖ్యమైన నేర్పు ఆ పుస్తకంలో లేదు. అరికాల్లో మంట మొదలవగానే సిగ్గుపడకుండా చెప్పేయాలి. చెబితే ఆ మాట నోటి నుంచి నోటికి ముందుకి వెళ్తుంది, పైడితల్లి ఆగుతుంది, వరస ఆగుతుంది, గుడ్డ చుట్టుకున్నాక మళ్ళీ కదులుతాం. ఇవాళ ఒక్కరూ చెప్పలేదు. ఆగితే మార్కులు పోతాయి కదా. మకాంలో చెప్పులు విప్పినప్పుడు చూశాను, సగం మంది పాదాలు బొబ్బలు చితికి నెత్తురోడుతున్నాయి. ఇదేమిటని అడిగితే తల తిప్పుకున్నారు.

వేగనడక గుంపుకి దాలినాయుడు పెద్ద. చెడ్డవాడని నేను అనను. ఏటా గంజి గుండిగ, మోకుతాడు మోసేది అతనే. ఈసారి రెండూ దింపేశాడు. భార్య రమణమ్మ చంకలో నాలుగు నెలల పిల్ల, ఒళ్ళంతా చెమటకాయలు. ఆ పిల్లకి గాలివైపు గది కావాలి. "పిన్నీ, ఈ ఒక్క ఏడూ నన్నొగ్గీ. పిల్లకోసరం" అన్నాడు. ఇన్నేళ్ళూ గదులకి చీట్లు తీసేవాళ్ళం. పసిపిల్లలున్న ఇంటికి రాతివైపు వస్తే ఎవరో ఒకరు మార్చుకునేవాళ్ళు, ఎవరూ ఎవర్నీ బతిమాలుకోనక్కరలేదు. ఇప్పుడు ఒక తండ్రి పిల్ల ఊపిరి కోసం తోటివాళ్ళని వెనక వదిలి పరిగెత్తాలి. అతన్ని ఏమనగలను? అనాల్సినవాళ్ళు చలికొండ మీద చల్లగా కూర్చున్నారు.

విభాకర్‌తో మాత్రం గట్టిగానే అన్నాను. వరస తెగితే మాట ముందుకి పోదు, మాట పోకపోతే మనిషి పోతాడు అని. అతను వినయంగా విన్నాడు. పట్టీలున్నాయి కదండీ, ఎవరెక్కడున్నారో నా తెరమీద కనపడుతూనే ఉంటారు అన్నాడు.

మూడో మకాం: జోడురాళ్ళ చావిడి

ఈ మకాం సంగతి రాస్తున్నాను. అలసటతో కొంత, కోపంతో ఎక్కువ.

వేగనడక వాళ్ళు వెలుగు రాకముందే వెళ్ళిపోయారు. మేము చేరేసరికి చావిడిలో పొయ్యి రాజేసి, నీళ్ళు తెచ్చి ఉంచాలన్నది ఒప్పందం. బరువునడక వాళ్ళని మాతో కలుపుకుని పైడితల్లి వెనక మేము చేరేసరికి పొయ్యిలో నిరుటి బూడిదే ఉంది. మనిషి అలికిడి లేదు.

విభాకర్ తెర తీసి చూపించాడు. అందరూ క్షేమంగా ఉన్నారండీ, చాలా బాగా నడుస్తున్నారు, దాలినాయుడు గారికైతే ఈ ఏడాది ఏ వరసలోనూ ఎవరికీ జరగనంత మేలు జరుగుతోంది అన్నాడు. చూశాను. గుండె గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. కానీ వాళ్ళెక్కడున్నారో చూపే చుక్కలు కదలడం లేదు. ఎంతసేపు చూసినా ఒకే చోట ఉన్నాయి. కదలకుండా కూర్చున్న మనిషి గుండె అంతలా కొట్టుకుంటుంటే దాన్ని మేలంటారా బాబూ అని అడిగాను. అతను తెర వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. మొహంలో రంగు పోయింది.

ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇలాంటి పొరపాటు ఈ భూమ్మీద మా వాళ్ళు తప్ప ఎవరూ చేయరు. ఏటా వానలకి కొండ జారి దారి మారుతుంది. ముందరి మనిషి మెల్లగా, చూసుకుంటూ, కొత్త దారి వెతికి పట్టుకుంటుంది. వెనకవాళ్ళకి ఆ అవసరం లేదు. ముందువాళ్ళ మడమలు చూసుకుంటూ వస్తే చాలు. దాలినాయుడు పుట్టినప్పటి నుంచీ ఈ కొండ ఎక్కుతున్నాడు గానీ, దారి ఎప్పుడూ చూడలేదు. ఎవరి మడమలూ లేని చోట వెడల్పుగా కనపడ్డ పాత రోడ్డు పట్టాడు. అది ఎండవైపు తిరిగి, కూలిన వంతెన దగ్గర ఆగిపోతుంది.

పైడితల్లిని అడిగాను, పాత రోడ్డు చీలే చోట ఎటు పోవాలో నిన్న వాళ్ళకి చెప్పలేదా అని.

"నన్నెవులడిగినారు?" అంది. "నాను ఎనక్కదా. షికారోలు దారి సెప్తారేటి?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పట్టీల మీద ఎంత కోపమొచ్చిందో ఈమె మీదా అంతే వచ్చింది. పదిమంది ప్రాణాలు నీ పంతానికి సరిపోయాయా అని నోటికొచ్చినట్టు అడిగేశాను. ఆమె తన వాటాకి ఇచ్చిన మొదటి చెంబు నీళ్ళు తాగకుండా తెచ్చి నా తిత్తిలో పోసింది.

వెనక మనిషి ఉండగా తోక కూర్చోకూడదు. బరువు మోసేవాళ్ళని ముగ్గుర్ని తీసుకుని, తడిగుడ్డలు, ఉప్పుగంజి పట్టుకుని నిప్పులు చెరిగే ఎండలో వెనక్కి దిగాను. విభాకర్ కూడా వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు, ఆ మాట రాయకపోతే తప్పు.

వంతెన మొండి కింద జానెడు నీడలో ముడుచుకుని ఉన్నారు. సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. మిగతావాళ్ళు లేచి నిలబడగలిగారు. దాలినాయుడు మాత్రం పడిపోయి ఉన్నాడు. ఒళ్ళు పొయ్యిలా ఉంది, చెమట లేదు, కళ్ళు తేలేస్తున్నాడు. గుడ్డలు తడిపి మెడకింద పెడుతుంటే మణికట్టు దగ్గర పట్టీ మాట్లాడింది. "అభినందనలు. మీ గుండెకు ఈ రోజు అత్యుత్తమ మేలు జరిగింది." నేను దాన్ని రాయితో కొట్టబోయాను. విభాకర్ నా చెయ్యి పట్టుకోలేదు. కానీ పట్టీ పగిలితే అతనికి మార్కులూ, కొండ మీద చోటూ పోతాయని గుర్తొచ్చి రాయి కింద పడేశాను. నా కోపం కూడా వాళ్ళ చేతుల్లోనే ఉందని తెలిసి ఇంకా మండింది.

నాలుగో మకాం: మంచుబండ

దాలినాయుడు బతికాడు. నిలబడతాడు, నాలుగడుగులు వేస్తాడు, కూలబడతాడు. మోద్దామంటే దారి మనిషి వెడల్పే. అతనికి తెలివొచ్చాక ఇద్దరు చెరో పక్కా కాకుండా ముందొకరు వెనకొకరు పట్టుకుని నడిపిస్తున్నారు.

ఇప్పుడు మా వరసలో అందరికన్నా మెల్లని మనిషి అతనే. పద్ధతి ప్రకారం అతనే ముందుండాలి. ఉండనన్నాడు. తలకాయ కిందికి వేసుకుని, చివర నా పక్కన నడుస్తానన్నాడు. మెల్లగా నడవడం నేరమన్నట్టు ఈ మూడు రోజుల్లో ఆ పట్టీలు మా బుర్రల్లోకి ఎక్కించాయి. పైడితల్లికీ ముందు చోటు వదలడం ఇష్టం లేదు, అది దాచుకోలేదు కూడా. కాసేపు కర్ర నేలకి గుచ్చి కొండకేసి చూస్తూ నిలబడింది. రమణమ్మ పిల్లని భుజాన వేసుకుని ఏడుస్తోంది.

"రారా," అంది చివరికి. "ఈ జాగా నాను కోరుకోనేదు. నువ్వూ కోరుకోనేదు. తుంటి ఇరిగితే నాకొచ్చింది, ఎండ కొడితే నీకొచ్చింది. ముందుండు, నాను ఎనకనుంచి దారి సెప్తాను."

అతను ముందు, పైడితల్లి రెండోది, తరవాత మేమందరం. ఇంత మెల్లగా మా వరస ఎప్పుడూ నడవలేదు. ఆమె కర్రతో అతని భుజం తట్టి కుడి, ఎడమ చెబుతోంది. అతను కూర్చుంటే తనూ కూర్చుంటోంది. పట్టీలు దారిపొడుగునా మేలు జరగడం లేదని గొణుగుతూనే ఉన్నాయి. ఎవరూ వినలేదు. వెనక నుంచి వేడి మా మీదికి ఎక్కివస్తోంది. పొద్దున్నే చేరాల్సిన చోటికి చేరలేదు, ఎండలోనే నడవాల్సి వచ్చింది. పైడితల్లి పెదాలు పగిలాయి, తుంటి వాచి కాలు ఈడుస్తోంది. తన గంజిలో సగం దాలినాయుడికే పోసింది. పోస్తూ తిడుతూనే ఉంది.

చలికొండ వాకిలి

ఇది వాకిట్లో కూర్చుని రాస్తున్నాను. లోపల కాదు, బయటా కాదు.

చలికొండలోకి వెళ్ళాలంటే రాతిలో తొలిచిన పొడుగాటి సొరంగం దాటాలి. బయటి కొసన ఇనప తలుపులు. వేడి లోపలికి రాకుండా కాసేది అవే. వరస తోక సొరంగం దాటేదాకా వాటిని మూయకూడదు, ఊరు కట్టిన నాటి నుంచీ ఉన్న నియమం, మండలి కూడా మార్చలేదు.

వాకిలి దగ్గర పర్యవేక్షకురాలు మందాకిని గారు తెర పట్టుకుని నిలబడింది. మార్కుల వరసలో పేర్లు పిలిచింది. మొదటి పేరు దాలినాయుడు, గాలివైపు గది. నిలబడలేక రమణమ్మ భుజం మీద వాలిపోయి ఉన్న మనిషిని ఆరోగ్యంలో ప్రథముడని చప్పట్లు కొట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళారు. చివరికి పైడితల్లి పేరు పిలవలేదు. పక్కన ఎగిరే బండి తలుపు తెరిచి ఉంది. నేలమాళిగకి.

విభాకర్ వెళ్ళి ఏదో చెప్పాడు, బతిమాలాడు. దారిలో జరిగిందంతా చెప్పాడనే అనుకుంటాను. మందాకిని గారు కాస్త ఆలోచించి, సరే, ఈవిడ విషయంలో ఈ ఒక్కసారికి ప్రత్యేక అనుమతి ఇస్తాను అంది. మా వెనక వచ్చే గెడ్డపేట వరసలో ముందరి మనిషి సూరమ్మ మాటేమిటి, ఆమెకి రెండు మోకాళ్ళూ లేవవు అన్నాను. అది వేరే వరస విషయమంది.  వద్దు, నీ అనుమతి నువ్వే ఉంచుకో, అందరికీ తీసేస్తేనే ఈమె వస్తుంది అనేశాను.

పైడితల్లి నా వంక చూసింది. "నా పేనం మీద నీ పంతవేటమ్మా? నాకు దాహంగుంది" అని కర్ర తాటించుకుంటూ లోపలికి నడిచింది. తల కొట్టేసినట్టయింది నాకు. నిజమే కదా, ఉడికిపోయేది నేను కాదు. నోరు మూసుకుని ఆమె వెనకే నడిచాను.

తలుపులు దాటి నాలుగడుగులు లోపలికి వేశాక ఆమె ఆగింది. గోడకి ఆనుకుంది. కర్ర పక్కన పెట్టి, మెల్లగా, ఒక కాలు చాపి, రెండో కాలు చాపి, నడిదారిలో కూర్చుంది.

"కాలు లాగుతంది. కూకుంటాను. నువ్వు తోకవి, నన్ను దాటి ఎల్లకూడదు" అంది.

తోక దాటందే తలుపులు మూయలేరని అప్పుడు తట్టింది, మార్కుల జాబితా తీసేసేదాకా లేవకూడదని నేనూ కూర్చున్నాను. తలుపులు తెరిచే ఉన్నాయి. మైదానం వేడంతా మా మీదుగా లోపలికి పోతోంది. కాసేపటికి లోపల నుంచి మనుషులు వచ్చారు. లేవమన్నారు, మోసుకెళ్తామన్నారు. ముట్టుకుంటే తుంటి విరుగుతుందని ఆమె గట్టిగా అరిచింది. మందాకిని గారే వచ్చింది. పట్టుచీర వీపుకి అతుక్కుపోయింది. ఇలా కూర్చుని నీకేమన్నా అయితే ఎవరిది బాధ్యత అని అడిగింది.

"మా ఆయన కింద సచ్చిపోనాడు. ఆ బాజ్జెత ఎవుల్దో, ఇదీ ఆలదే" అంది పైడితల్లి.

మందాకిని గారు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. 

దాలినాయుడు గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ లోపల నుంచి వెనక్కి వచ్చాడు. వచ్చి పైడితల్లి ముందు కూర్చున్నాడు. అతని వెనకే రమణమ్మ, తరవాత మా వాళ్ళు ఒక్కొక్కరూ, దారిలో నడిచినట్టే వరసగా. పిల్లని మాత్రం లోపల చల్లని చోట ముసలివాళ్ళ దగ్గర ఉంచి వచ్చారట. సొరంగం నిండిపోయింది. నీళ్ళు చేతులు మారి వచ్చాయి. మొదటి గుక్క పైడితల్లిది. ఆమె ఒళ్ళు కాలిపోతోంది, తడిగుడ్డ వేసి ఉంచాను, నా చెయ్యి వదలడం లేదు.

ఇప్పుడే విభాకర్ వచ్చి చెప్పాడు. జాబితా రద్దయిందట, ఏ వరసలోనూ ఎవరినీ వెనక్కి పంపరట, మందాకిని గారు మాటిచ్చిందట. దయచేసి లేవండి అన్నాడు. పైడితల్లిని లోపలికి తీసుకెళ్ళండి, వైద్యుడికి చూపించండి, తోవ ఇస్తాం అన్నాను. నలుగురు జాగ్రత్తగా ఎత్తుకుని వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ తన చోటు ఎవరికీ ఇవ్వొద్దని నాకు చెప్పింది.

నేను లేవలేదు. వస్తామన్నవాళ్ళని వచ్చినట్టు రాయడం తోక పని కాదు. రెండు కాళ్ళూ లోపల పెట్టాకే రాస్తాం. మాట కూడా అంతే. కింద మలుపులో గెడ్డపేట వరస కనపడుతోంది. ముందు సూరమ్మ ఉంది, పాకుతున్నట్టే నడుస్తోంది. ఆమె నా పక్కనుంచి లోపలికి పోయేదాకా ఈ తలుపులు తెరిచే ఉంటాయి.